పాఠం 11. కుక్క కన్ను చెప్పే వారసత్వం

వెనుకటి పాఠంలో మెండెల్ బఠాణీ మొక్కల గురించి చదివారు. పొడవు మొక్క, పొట్టి మొక్క, 3:1 నిష్పత్తి మీకు గుర్తుండే ఉంటాయి. "బఠాణీలతో మాకేం పని?" అని మీలో కొందరికి అనిపించి కూడా ఉంటుంది. అందుకని ఈ పాఠంలో బఠాణీలను పక్కన పెట్టి, మన కళ్ళ ముందు తిరిగే జంతువును తీసుకుందాం.

సూరత్‌లో ఒక ఆదివారం సంపర్క తరగతిలో జరిగిన సంగతి ఇది. అక్కడ మరమగ్గాల మీద, అద్దకం మిల్లులలో పనిచేసే తెలుగు కుటుంబాలు చాలా ఉన్నాయి. వారిలో ఎక్కువమంది తెలంగాణ జిల్లాల నుంచి వెళ్ళినవారు. పాండేసరాలో ఒక అద్దకం మిల్లులో పనిచేసే అభ్యాసకుడు తరగతి ముగిశాక నా దగ్గరకు వచ్చాడు. "సార్, తెల్ల కుక్కపిల్లను తెచ్చిన. వేటకుక్క జాతి అన్నరు. కండ్లు నీలంగ మస్తుగ ఉన్నయి. కానీ ఎంత పిలిచినా తిరిగి చూడది. మొండిదనుకొని రెండు దెబ్బలు గూడ ఏసిన" అన్నాడు. పశువైద్యునికి చూపించమని చెప్పాను. ఆ పిల్ల మొండిది కాదు, పుట్టు చెవిటిది. అతడు ముచ్చటపడి కొన్నది ఆ కళ్ళను చూసే. అసలు సంగతిని ముందుగా తెలియజేసినవీ ఆ కళ్ళే.

ఈ పాఠం చదివిన తరువాత మీరు కుక్క కంటి రంగు ఎలా ఏర్పడుతుందో వివరించగలుగుతారు; ముదురు కళ్ళున్న రెండు కుక్కలకు తేనెరంగు కళ్ళ పిల్ల ఎలా పుడుతుందో లెక్క కట్టగలుగుతారు; తేనె కన్నుకూ నీలి కన్నుకూ గల తేడా ఎందుకు ముఖ్యమో చెప్పగలుగుతారు.

11.1 రాజపాళయం కుక్క

తమిళనాడులోని విరుదునగర్ జిల్లాలో రాజపాళయం అనే పట్టణం ఉంది. శతాబ్దాల కిందట ఆంధ్ర ప్రాంతం నుంచి తరలివెళ్ళి అక్కడ స్థిరపడిన రాజులు నేటికీ ఇళ్ళలో తెలుగు మాట్లాడతారు. మద్రాసు రాష్ట్ర ముఖ్యమంత్రిగా పనిచేసిన పి.ఎస్. కుమారస్వామి రాజా ఆ ఊరివారే. ఆ ఊరి పేరుతోనే ఒక వేటకుక్క జాతి ప్రసిద్ధి పొందింది. పొడవాటి కాళ్ళు, లోతైన ఛాతీ, సన్నని నడుము గల ఈ కుక్కను అడవిపంది వేటకు, పొలాల కాపలాకు పెంచేవారు. 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చాక వేట నేరమైంది. కాపలా పని మాత్రం మిగిలింది. 2005 జనవరిలో తపాలా శాఖ మన దేశపు కుక్కజాతుల మీద నాలుగు బిళ్ళలు విడుదల చేసినప్పుడు వాటిలో రాజపాళయం ఒకటి.

ఈ జాతిలో జనం కోరుకునే రూపం ఒక్కటే: పాలలాంటి తెల్లని ఒళ్ళు, గులాబీరంగు ముక్కు, బంగారు రంగు కళ్ళు. మచ్చలున్న పిల్లలు, గోధుమరంగు పిల్లలు కూడా పుడతాయి. కానీ వాటికి విలువ కట్టేవారు తక్కువ. పూర్వం అలాంటి పిల్లలను పుట్టగానే చంపివేయడం కూడా ఉండేది. తరతరాలుగా తెల్లనివాటినే ఏరి జతకట్టించారు. ఈ జాతిలో పుట్టు చెవుడు తరచుగా కనిపించడానికీ, ఈ ఏరివేతకూ సంబంధం ఉంది. అది ఎలాంటి సంబంధమో చూద్దాం.

11.2 కంటిలో రంగు

కంటి మధ్యనున్న నల్లని చుక్క కనుపాప. దాని చుట్టూ ఉండే రంగు వలయాన్ని ఐరిస్ అంటారు. కంటి రంగు అంటే ఈ వలయం రంగే. దీనిలో మెలనిన్ అనే వర్ణకం ఉంటుంది. మెలనిన్ దట్టంగా ఉంటే కన్ను ముదురు గోధుమరంగులో, దూరానికి నల్లగా కనిపిస్తుంది. పలచబడితే తేనెరంగు, ఇంకా తగ్గితే పసుపు.

మరి నీలం? కంటిలో నీలిరంగు వర్ణకం అంటూ ఏదీ లేదు. ఐరిస్ ముందు పొరలో మెలనిన్ దాదాపు లేకపోతే, లోపలికి వెళ్ళిన వెలుతురులో నీలికాంతి ఎక్కువగా చెదిరి బయటకు వస్తుంది. ఆకాశం నీలంగా కనబడటం వంటిదే ఇది. కాబట్టి నీలి కన్ను అంటే రంగు ఉన్న కన్ను కాదు, రంగు లేని కన్ను.

అద్దకం పని తెలిసినవారికి ఈ తేడా తేలికగా అర్థమవుతుంది. మిల్లులో బట్ట లేతగా రావడానికి రెండు కారణాలుండవచ్చు. రంగు తొట్టిలో కలిపిన రంగే వేరు కావచ్చు. లేదా బట్టలో కొంత భాగానికి రంగు అందకపోయి ఉండవచ్చు. చూపుకు రెండూ లేతే. కానీ మొదటిదానిని మేస్త్రీ "లేత షేడు" అంటాడు, రెండోదానిని "డ్యామేజి" అంటాడు. కుక్క కంటి విషయంలోనూ ఇలాంటి దారులు రెండున్నాయి.

11.3 మొదటి దారి: వర్ణకం మారడం

దీనికి మీకు తెలిసిన లాబ్రడార్ కుక్కను ఉదాహరణగా తీసుకుందాం. అది కూడా వేటకు పెంచిన జాతే. వేటగాడు కొట్టిన పక్షిని నోట కరచి తేవడం దాని పని. నల్ల లాబ్రడార్‌కు ముక్కు నలుపు, కళ్ళు ముదురు. చాక్లెట్ రంగు లాబ్రడార్‌కు ముక్కు గోధుమ, కళ్ళు లేత. ఒకే జన్యువు ఒంటి రంగునూ ముక్కునూ కంటినీ కలిపి మారుస్తుంది.

ఆ జన్యువు నల్ల వర్ణకం చేసే రూపాన్ని "న" అని, గోధుమ వర్ణకం చేసే రూపాన్ని "గ" అని రాసుకుందాం. ప్రతి కుక్కకూ తండ్రి నుంచి ఒకటి, తల్లి నుంచి ఒకటి చొప్పున రెండు వస్తాయి. "న" బహిర్గతం, "గ" అంతర్గతం. కాబట్టి నన కుక్కా నలుపే, నగ కుక్కా నలుపే. గగ అయితేనే గోధుమ ఒళ్ళు, తేనె కళ్ళు.

ఇది చేసి చూడండి. రెండు రూపాయి బిళ్ళలు తీసుకోండి. ఒకటి తండ్రి, ఒకటి తల్లి. బొమ్మ పడితే "న", బొరుసు పడితే "గ". రెండింటినీ కలిపి 40 సార్లు ఎగరవేసి, ప్రతిసారీ పడినది రాయండి. రెండు బొరుసులు ఇంచుమించు 10 సార్లు పడతాయి. సరిగ్గా 10 పడకపోతే మీ లెక్క తప్పిందనుకోకండి. ఒక్కో పిల్లా కొత్తగా ఎగరవేసిన బిళ్ళ వంటిది. అందుకే ఒక ఈతలో నాలుగు పిల్లలు పుడితే నాలుగూ నల్లవే కావచ్చు, రెండు చాక్లెట్‌వి కావచ్చు.

నల్ల జంటకు చాక్లెట్ పిల్ల పుట్టగానే తల్లి మీద నెపం వేసేవాళ్ళున్నారు. లెక్క చూశారు కదా: ఆ పిల్లకు ఒక "గ" తల్లి ఇస్తే, రెండో "గ" ఆ తండ్రే ఇచ్చాడు. (మనుషులలో కంటి రంగును అనేక జన్యువులు కలిసి నిర్ణయిస్తాయి. ఈ చిన్న లెక్క అక్కడ యథాతథంగా పనికిరాదు. పిల్లవాడికి పిల్లికళ్ళు వచ్చాయని తల్లిని అనుమానించడానికి అసలే పనికిరాదు.)

తేనె కన్నులో వర్ణకం ఉంది, దానిని చేసే కణాలూ ఉన్నాయి. అందువల్ల అది లోపం కాదు. లేత కళ్ళ వేటకుక్కకు చూపు ఎక్కువ అనే నమ్మకంలో నిజం లేదు. చూపు పదును కంటి వెనుకనున్న నేత్రపటలం మీద ఆధారపడుతుంది, ఐరిస్ రంగు మీద కాదు.

పాఠ్యాంతర్గత ప్రశ్న 1: నగ తండ్రికి, గగ తల్లికి పుట్టే పిల్లలలో తేనె కళ్ళు ఎన్నింటికి రావచ్చు?

11.4 రెండో దారి: కణాలు చేరకపోవడం

ఇది జాగ్రత్తగా చదవవలసిన భాగం.

పిండం ఎదిగే తొలిదశలో, మెలనిన్ చేసే కణాలకు మూలమైనవి వెన్ను వెంబడి పుడతాయి. అక్కడి నుంచి అవి ప్రయాణం చేసి చర్మానికి, కంటికి, లోపలి చెవికి చేరుకుంటాయి. వాటి ఎదుగుదలను, ప్రయాణాన్ని నడిపే జన్యువులలో ఎం.ఐ.టి.ఎఫ్. అనేది ముఖ్యమైనది. దీని కొన్ని రూపాలలో కణాలు తక్కువగా తయారవుతాయి, దూరం పోలేవు. అవి చేరని చోట చర్మం, వెంట్రుక తెల్లగా మిగులుతాయి. ఐరిస్‌కు చేరకపోతే కన్ను నీలమవుతుంది. కొన్ని కుక్కలకు ఒక కన్ను నీలం, ఒకటి గోధుమ ఉండటం ఇందువల్లనే.

చెవిలో రంగుతో పనేమిటని మీరు అడగవచ్చు. రంగుతో పనిలేదు, ఆ కణాలతో పని ఉంది. లోపలి చెవిలో నత్తగుల్ల ఆకారంలో ఉండే కర్ణావర్తంలో ఒక ద్రవం ఉంటుంది. శబ్దాన్ని నాడీ సంకేతంగా మార్చే రోమకణాలు పనిచేయాలంటే ఆ ద్రవంలో లవణాలు తగిన పాళ్ళలో ఉండాలి. ఆ పాళ్ళను నిలపడంలో వర్ణక కణాలకు పాత్ర ఉంది. అవి లేకపోతే పిల్ల పుట్టిన మూడు, నాలుగు వారాలలో రోమకణాలు నశిస్తాయి. ఇక ఆ చెవి ఎప్పటికీ వినదు. మందు లేదు.

తెల్లని డాల్మేషియన్ కుక్కలలో ఇది బాగా తెలిసిన విషయం. అమెరికాలో 5,000కు పైగా డాల్మేషియన్లను పరీక్షిస్తే సుమారు 8 శాతానికి రెండు చెవులూ, 22 శాతానికి ఒక చెవీ వినబడలేదు. నీలి కళ్ళున్నవాటిలో చెవుడు ఎక్కువ. పుట్టుకతోనే పెద్ద నల్ల మచ్చ ఉన్నవాటిలో తక్కువ. అయితే ప్రదర్శనలలో ఆ పెద్ద మచ్చను లోపంగా లెక్కిస్తారు. రాజపాళయంలో మచ్చ పిల్లను పక్కకు నెట్టడం కూడా ఇటువంటిదే. మచ్చ ఉందంటే కణాలు కొంత దూరమైనా ప్రయాణించాయని అర్థం. అందాన్ని చూసి ఏరేవారు వినే చెవులను వదులుకుంటున్నారన్నమాట.

మనుషులలోనూ ఇదే జన్యువు ఉంది. నీలి కళ్ళు, నుదుటిపై తెల్లజుట్టు పాయ, చెవుడు కలిసి కనిపించే ఒక స్థితిని 1951లో వార్డెన్‌బర్గ్ అనే డచ్ నేత్రవైద్యుడు వివరించాడు. దానిలో కొన్ని రకాలకు ఎం.ఐ.టి.ఎఫ్. మార్పులే కారణం.

11.5 నీలి కళ్ళన్నీ ఒకటి కావు

సైబీరియన్ హస్కీకి నీలి కళ్ళు సహజం, చెవులు చక్కగా వింటాయి. 2018లో 6,000కు పైగా కుక్కల జన్యువులను పోల్చి చూసినప్పుడు, హస్కీ నీలి కంటికి 18వ క్రోమోజోములోని వేరే మార్పుతో సంబంధం ఉన్నదని తేలింది. నార్వే దేశపు డుంకర్ అనే వేటకుక్కలో మెర్ల్ అనే చెదురు మచ్చల రంగుతో నీలి కన్ను వస్తుంది. అలాంటి రెండింటిని జతకడితే నాలుగింట ఒక పిల్లకు ఆ జన్యువు రెండు వైపుల నుంచీ వచ్చి, చూపు, వినికిడి రెండూ దెబ్బతినే ప్రమాదం ఉంది. కాబట్టి "నీలి కన్ను అంటే చెవుడు" అని బట్టీ పట్టకండి. తెల్లని ఒంటి కుక్కలో నీలి కన్ను ఉంటే వినికిడి చూడాలి అని గుర్తుంచుకోండి.

11.6 కొనేటప్పుడు, జతకట్టించేటప్పుడు

పిల్లలు పది పద్నాలుగు రోజులకు కళ్ళు తెరుస్తాయి. అప్పుడు అన్నింటి కళ్ళూ నీలంగానే ఉంటాయి. అసలు రంగు తేలడానికి కొన్ని వారాలు పడుతుంది. రెండు నెలలు నిండకముందు కంటి రంగు చెప్పి బేరమాడేవారిని నమ్మవద్దు. పిల్ల నిద్రపోతున్నప్పుడు వెనుక నుంచి తాళాల గుత్తి ఆడించి చూడండి. కాలితో నేల తట్టకూడదు. చెవిటి పిల్ల కూడా అదురుకు లేస్తుంది. ఒక చెవి వినే పిల్ల ఈ పరీక్షలో నెగ్గుతుంది. దానిని పట్టాలంటే చెవిలో శబ్దం వినిపించి మెదడు ప్రతిస్పందనను యంత్రంతో కొలవాలి.

ఈ చెవుడు చాక్లెట్ రంగులాగా ఒక్క జన్యువు లెక్కకు లొంగదు. వినే జంటకు కూడా చెవిటి పిల్ల పుట్టవచ్చు. అయినా ఒక చెవి వినని కుక్కను, నీలి కళ్ళ కుక్కను జతకట్టించకపోతే ఆ వంశంలో చెవుడు తగ్గుతుంది. ఐరోపాలో కొన్ని డాల్మేషియన్ సంఘాలు నీలి కళ్ళవాటిని సంతతికి వాడరాదని నియమం పెట్టుకున్నాయి. తోబుట్టువులను జతకట్టించే అలవాటు మరో చిక్కు. వాటి పిల్లలలో ఏ జన్యువైనా తాత లేదా అవ్వ నుంచి ఒకే ప్రతి రెండు వైపులా చేరే అవకాశం 25 శాతం. దాగి ఉన్న లోపాలు బయటపడేది అక్కడే.

సూరత్ అభ్యాసకుడు ఆ పిల్లను వదిలిపెట్టలేదు. చేతి సైగలతో కూర్చోబెట్టడం నేర్పాడు. రాత్రిపూట టార్చి రెండుసార్లు వెలిగిస్తే వస్తుందట. దానికి సంతానం కలగకుండా ఆపరేషన్ చేయించాడు.

పాఠ్యాంతర్గత ప్రశ్న 2: ఒక పెంపకందారు దగ్గర మూడు ఆడపిల్లలున్నాయి. మొదటిది పూర్తి తెలుపు, ఒక కన్ను నీలం. రెండోది తెలుపు, బంగారు కళ్ళు, కానీ యంత్ర పరీక్షలో ఎడమ చెవి వినదని తేలింది. మూడోదానికి వీపు మీద గోధుమ మచ్చ, బంగారు కళ్ళు, రెండు చెవులూ వింటాయి. సంతతికి దేనిని ఉంచుకోవాలి? ఎందుకు?

జవాబులు

1. ఇంచుమించు సగం పిల్లలకు.

2. మూడోదానిని. మొదటిదాని నీలి కన్ను, రెండోదాని చెవి వర్ణక కణాలు సరిగా చేరలేదని తెలుపుతున్నాయి. రెండోది ఇంట్లో తాళాల పరీక్షలో నెగ్గి ఉండవచ్చు, అయినా సంతతికి పనికిరాదు. మచ్చ కారణంగా మూడోదానికి ధర తక్కువ పలకవచ్చు.