బ్రౌజర్‌లో భద్రతా హెచ్చరిక వస్తే ఏం చేయాలి?

పరీక్ష ఫీజు చెల్లింపునకు అదే ఆఖరి రోజు. వెబ్‌సైట్ తెరవగానే తెరపై ఎర్రటి గుర్తు, కనెక్షన్ సురక్షితం కాదన్న హెచ్చరిక కనిపిస్తాయి. ఎక్కడో అడుగున, చిన్న అక్షరాల్లో, ముందుకు వెళ్లే మార్గమూ ఉంటుంది. గడువు తరుముతున్నప్పుడు చాలామంది చేయి నేరుగా దానిపైకే వెళుతుంది. పాస్‌వర్డ్, కార్డు వివరాలు పరాయి చేతుల్లో పడే అవకాశం ఉన్నది సరిగ్గా అక్కడే.

సురక్షిత వెబ్‌సైట్ తానెవరో చెప్పుకోవడానికి ఒక డిజిటల్ ధ్రువపత్రం చూపుతుంది. దానిపై ఉన్న పేరు, చిరునామాతో సరిపోయిందా, గడువు మిగిలి ఉందా, జారీచేసిన సంస్థ నమ్మదగినదేనా అన్నది బ్రౌజర్ పరిశీలిస్తుంది. ఏ ఒక్కటి తప్పినా హెచ్చరిస్తుంది.

ముందుగా తేదీ, సమయం చూసుకోవాలి. పాత కంప్యూటర్‌లో మదర్‌బోర్డుపై ఉండే చిన్న బ్యాటరీ అయిపోతే గడియారం కొన్నేళ్లు వెనక్కి పోతుంది. అప్పుడు సక్రమమైన పత్రం కూడా ఇంకా అమల్లోకి రానట్లే కనిపిస్తుంది. తేదీ సరిచేస్తే చిక్కు వీడుతుంది. అనేక సైట్లలో ఒకేసారి హెచ్చరిక వస్తే లోపం మన పరికరంలోనో, నెట్‌వర్క్‌లోనో ఉండవచ్చు. ఒక్క సైటుకే వస్తే ఆ సైటునే అనుమానించాలి. రైల్వే స్టేషన్, హోటల్ వైఫైలలో లాగిన్ పేజీ అడ్డుపడటం వల్ల కూడా ఇలా జరుగుతుంది. మొబైల్ డేటాతో తెరిచి చూస్తే తేడా తెలుస్తుంది.

అప్‌డేట్ కాని పరికరాలది మరో సమస్య. లెట్స్ ఎన్‌క్రిప్ట్ సంస్థ పత్రాలకు ఆధారమైన ఒక పాత మూల ధ్రువపత్రం గడువు 2021 సెప్టెంబర్ 30న ముగియడంతో పలు పాత పరికరాల్లో, ఏ దోషమూ లేని సైట్లు సైతం తెరుచుకోలేదు.

హెచ్చరిక రానంత మాత్రాన అంతా క్షేమమనీ కాదు. గూగుల్ డొమైన్ల పేరిట మన నేషనల్ ఇన్ఫర్మాటిక్స్ సెంటర్ నుంచి అనధికార ధ్రువపత్రాలు జారీ అయినట్లు 2014 జులైలో బయటపడింది. సర్టిఫైయింగ్ అథారిటీల కంట్రోలర్ ఆ కేంద్రపు జారీ పత్రాలను వెంటనే రద్దు చేశారు. మోసగాళ్లు తమ నకిలీ చిరునామాకు అసలైన ధ్రువపత్రమే తెచ్చుకోవడం నేడు కష్టమేమీ కాదు. అందుకే తాళం గుర్తు కంటే ముందు చిరునామాలోని అక్షరాలు చదవాలి.

కొన్ని సైట్లలో ముందుకు వెళ్లే మార్గమే కనిపించదు. సురక్షిత కనెక్షన్ తప్ప మరేదీ అంగీకరించవద్దని ఆ సైటే బ్రౌజర్‌కు ముందుగా చెప్పి ఉంచుతుంది. అక్కడ దొడ్డిదారి వెతకరాదు. బ్యాంకు పని అయితే అధికారిక యాప్ ద్వారానో, శాఖకు వెళ్లో పూర్తి చేసుకోవచ్చు.

గడువు ముగిసిన పత్రాన్ని వినియోగదారుడు బాగుచేయలేడు; సైటు నిర్వాహకులకు తెలపడమే మార్గం. ఇదివరకు 398 రోజులున్న గరిష్ఠ కాలపరిమితి 2026 మార్చి 15 నుంచి 200 రోజులకు తగ్గాలని, 2029 నాటికి 47 రోజులకు చేరాలని ధ్రువపత్రాల సంస్థలు, బ్రౌజర్ తయారీదారుల వేదిక నిర్ణయించింది. ఏడాదికోసారి చేత్తో పునరుద్ధరించే కార్యాలయాలు ఆలోగా ఆ పనిని యంత్రాలకు అప్పగించుకోవాల్సి ఉంటుంది.