చదువు సాగని పసివాడు

పిల్లవాడు పాఠాన్ని గడగడ అప్పజెబుతాడు. వ్రేలు వరుస వెంట కదులుతూనే ఉంటుంది. ఉపాధ్యాయుడు సంతృప్తితో తల ఊపి తరువాతివానిని లేపుతాడు. అదే పాఠంలో నడుమనున్న ఒక్క మాటను చూపి ఇదేమిటని అడిగితే మాత్రం ఆ గొంతు ఆగిపోతుంది. వాడు చదవలేదు, విన్నదానిని ఒప్పజెప్పినాడు. జ్ఞాపకం చురుకుగా ఉన్న పిల్లలు ఈ విధంగా ఒకటి రెండేండ్లు నెట్టుకొని రాగలరు. మూడవ తరగతిలో పాఠాలు పొడవై, లెక్కలు సైతం మాటలలో రావడంతో గుట్టు బయటపడుతుంది. అప్పటికే ఎవరో ఒకరు వానికి మొద్దు అని పేరు పెట్టి ఉంటారు.

ఆ పేరు ఎంత అన్యాయమైనదో తెలియవలెనంటే మన లిపిని పసివాని కంటితో చూడాలి. 'శక్తి' అన్న మాటనే తీసుకొందాము. గుడి ఉన్నది 'క' మీద. 'త' వత్తు ఉన్నది దాని క్రింద. కన్ను మొదట 'కి'ని చూస్తుంది. నోరు మాత్రం 'క్' అని, తరువాత 'తి' అనాలి. పిల్లవాడు 'శకిత' అని చదివితే కంటికి కనబడిన వరుసనే నమ్మినాడన్న మాట. 'రాత్రి'ని 'రాతిర' అనడమూ ఇటువంటిదే. పైగా త, న, మ, య, ర, ల వత్తులకు తల్లి అక్షరాల పోలిక లేదు. ప-వ, మ-య, బ-భ వంటి జంటలలో తేడా ఒక చిన్న గీతలోనో, ఒక వంపులోనో ఉన్నది. ఈ చిక్కులన్నీ పెద్దలకు అలవాటులో మరుగుపడిపోయినవి. అందుచేతనే వారికి కోపం వస్తుంది.

లింగంపేట వంటి చోట దీనికి మరొక చిక్కు తోడవుతుంది. నాగన్న బావిగా పేరుపొందిన మెట్లబావి గల ఈ ఊరు 2016 అక్టోబరు వరకు నిజామాబాదు జిల్లాలో ఉండి, ఆ నెలలో ఏర్పడిన కామారెడ్డి జిల్లాలో చేరినది. ఇక్కడి ఇండ్లలో 'వచ్చిండు' అంటారు. పుస్తకంలో 'వచ్చాడు' అని ఉంటుంది. పిల్లవాడు 'వచ్చాడు'ను చూసి 'వచ్చిండు' అని చదివినప్పుడు తప్పు అని గద్దించడం పరిపాటి. నిజానికి వానికి అర్థం అందినది! ముందు దానిని మెచ్చుకొని, పిదప అక్షరం వంక వ్రేలు చూపడం ఉచితం. చుట్టుపట్ల తండాల పిల్లల సంగతి ఇంకా కష్టము. వారి ఇంటి భాష లంబాడీ. దానికి స్వంత లిపి లేదు. తెలుగు వాచకంలో మొదట కనబడే 'అమ్మ' వారి ఇంట 'యాడి'. ఆ మాటను తెలుగు లిపిలో వ్రాసి చూపితే రెండే అక్షరాలు, వత్తు కూడా లేదు. తొలి పాఠానికి అంతకన్న అనువైన మాట ఏముంటుంది?

ఇంటి భాష ఒకటి, బడి భాష ఒకటి కావడం ఈ సీమకు కొత్త కాదు. నైజాం పాలనలో 1918లో స్థాపితమైన ఉస్మానియా విశ్వవిద్యాలయం బోధనభాష ఉర్దూ. ఆనాటి తెలుగు విద్యార్థులు పడిన శ్రమ వంటిదే నేడు తండా పసివాడు ఒకటవ తరగతిలోనే పడుతున్నాడు.

అయితే చేయవలసినదేమి? ముందుగా చూపును, వినికిడిని పరీక్ష చేయించాలి. ఇది చిన్న మాటగా తోచవచ్చునుగాని నల్లబల్ల కనబడని పిల్లవానికి గుణింతం ఎన్నిమార్లు వల్లె వేయించినా ఫలమేమి? ఆపైన చెవికి పని చెప్పాలి. మాటను చప్పట్లతో విడగొట్టించాలి: పు-స్త-కం, మూడు చప్పట్లు. ధ్వని విడివడిన తరువాతనే అక్షరం వద్దకు పోవాలి. పిల్లవాడు చెప్పిన ఒక వాక్యాన్ని, తన మేకను గురించో చెరువును గురించో, ఉపాధ్యాయుడు వ్రాసి వానిచేతనే చదివిస్తే తన మాట కాగితం మీద కనబడుతుంది. రోజుకు పది నిమిషాలు చాలును; కాని రోజూ జరగాలి. తరగతి ముందు ఒంటరిగా నిలబెట్టి చదివించడం మాత్రం కొంతకాలం మానుకోవాలి. నవ్వు విన్న పిల్లవాడు మరునాడు పుస్తకం తెరవడు.

తెలంగాణ ప్రభుత్వం 2022 ఆగస్టులో ప్రారంభించిన 'తొలిమెట్టు' కార్యక్రమం ప్రాథమిక తరగతులలో చదువను, వ్రాయను, లెక్కించను నేర్పడమే లక్ష్యంగా పెట్టుకొన్నది. ఇంత శ్రద్ధ వహించినా కొందరికి అక్షరాలు కుదురుకొనవు. అది సోమరితనం కాదు. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం ఇటువంటి అభ్యసన వైకల్యాన్ని గుర్తించినది. అట్టివారిని నిపుణులకు చూపించాలి.

ఇంట తల్లికి చదువు రాకపోవచ్చును. సాయంకాలం చాట ముందు కూర్చుండి బీడీలు చుట్టుకొనే తల్లులు ఈ ప్రాంతంలో ఎందరో ఉన్నారు. తమవల్ల ఏమవుతుందని వారు అనుకొంటారు. పిల్లవాడు ప్రక్కన కూర్చుండి చదువుతుంటే వింటే చాలును. వాక్యం అర్థవంతంగా లేకపోతే ఆ సంగతి ఆమె చెవికి తెలియకపోదు. "ఏం జెప్పినవ్ రా? మల్ల జెప్పు" అంటుంది. వాడు వెనుకకు పోయి, తడబడిన మాటను ఈసారి అక్షరం అక్షరంగా చూస్తాడు.