పరుగెత్తడం కంటే ఆగడమే కష్టం!

ఆత్మకూరు నుంచి ఉదయగిరి వెళ్లే బస్సులో మీరెప్పుడైనా నిలబడి ప్రయాణం చేశారా? దారికి అడ్డంగా గొర్రెల మంద వస్తుంది. డ్రైవరు గట్టిగా బ్రేకు తొక్కుతాడు. బస్సు ఆగుతుంది. కాని మీరు ఆగరు! ముందుకు తూలి, ఎదుటి సీటు కమ్మీని పట్టుకుంటారు. బస్సుతోపాటు కదులుతున్న మీ శరీరం అదే వేగంతో ముందుకు పోవాలని చూస్తుంది. దీనినే జడత్వం అంటారని మీ పాఠాల్లో చదివే ఉంటారు.

మామూలు బస్సులోనే ఇలా ఉంటే, గంటకు 500 కిలోమీటర్లకు మించిన వేగంతో పోయే కారులో కూర్చున్న మనిషి సంగతి ఏమిటి? అటువంటి కార్లు నిజంగానే ఉన్నాయి. అవే డ్రాగ్ రేసు కార్లు.

డ్రాగ్ రేసు అంటే ఏమిటి?

మలుపులు లేని తిన్నని బాట. పక్కపక్కనే రెండు కార్లు. పచ్చదీపం వెలగగానే రెండూ బయలుదేరుతాయి. పావు మైలు, అంటే 402 మీటర్ల దూరాన్ని ఏది ముందు దాటితే దానిదే గెలుపు. ఈ పందేలు అమెరికాలో పుట్టాయి. 1950లో కాలిఫోర్నియాలోని శాంటా అనా విమానాశ్రయంలో వీటిని పద్ధతి ప్రకారం నడపడం మొదలుపెట్టారు. విమానాలు దిగే బాటకంటే తిన్నని బాట ఎక్కడ దొరుకుతుంది? మనకు దగ్గరలో, నెల్లూరు నుంచి చెన్నై వెళ్లే దారిలో ఉన్న షోలవరంలో కూడా, రెండో ప్రపంచ యుద్ధకాలం నాటి విమానాల బాట మీద ఎన్నో ఏళ్లు మోటారు పందేలు జరిగాయి.

కొండంత శక్తి

కదిలే ప్రతి వస్తువులోనూ గతిజశక్తి ఉంటుంది. వేగం రెండింతలైతే ఈ శక్తి నాలుగింతలవుతుంది. అందుకే గంటకు 30 కిలోమీటర్ల వేగంలో బ్రేకు వేశాక 5 మీటర్లలో ఆగే కారు, 60 కిలోమీటర్ల వేగంలో ఆగడానికి 20 మీటర్లు తీసుకుంటుంది.

ఇప్పుడొక లెక్క చేద్దాం. గంటకు 360 కిలోమీటర్లు అంటే సెకనుకు 100 మీటర్లు. ఇంత వేగం రావాలంటే, గాలి అడ్డుకోదనుకుంటే, ఒక రాయి 510 మీటర్ల ఎత్తు నుంచి పడాలి. ఉదయగిరి దుర్గం ఉన్న కొండను తలెత్తి చూడండి. దాని శిఖరం సముద్ర మట్టానికి 3,000 అడుగులకు పైగా ఎత్తులో ఉంది. అందులో సగానికి మించిన ఎత్తు నుంచి పడిన వేగమన్నమాట! దాన్ని అపాయం లేకుండా ఆపాలి. కారు కట్టేవారికి అసలు పరీక్ష ఇదే.

మనిషి చుట్టూ కట్టే కారు

క్రికెట్ బంతిని పట్టేటప్పుడు చేతులను వెనక్కు తీసుకుంటారు కదా? బంతి ఎక్కువ దూరంలో, ఎక్కువ సేపట్లో ఆగితే దెబ్బ తగ్గుతుంది. సెకనుకు 100 మీటర్ల వేగంతో పోయే కారు 500 మీటర్లలో ఆగితే, డ్రైవరు మీద పడే బలం అతని బరువుకు సుమారు సమానం. అదే కారు గోడకు కొట్టుకొని 5 మీటర్లలో ఆగితే, ఆ బలం నూరు రెట్లు!

అందుకే ముందు డ్రైవరు చుట్టూ ఉక్కు గొట్టాలతో పంజరం కడతారు. వెదురు బొంగు లోపల డొల్లగా ఉన్నా ఎంత గట్టిగా ఉంటుందో మీకు తెలుసు. ఈ గొట్టాలూ అంతే. ఉక్కులో క్రోమియం, మాలిబ్డినం కలపడంవల్ల వాటికి ఇంకా బలం వస్తుంది. కారు బోర్లాపడినా పంజరం నలగకూడదు.

తరువాత పట్టీలు. భుజాల మీదుగా, నడుము చుట్టూ, కాళ్ల మధ్యగా వచ్చే వెడల్పాటి పట్టీలు డ్రైవరును సీటుకు బిగించి ఉంచుతాయి. పట్టీ వెడల్పుగా ఉంటే బలం ఒకచోట గుచ్చుకోకుండా శరీరమంతా పంచుకుంటుంది. ఒంటిమీద నోమెక్స్ అనే నారతో నేసిన దుస్తులు ఉంటాయి. ఈ నార మంట తగిలితే కరగదు. బొగ్గులా మారి, మందమై, వేడిని కాసేపు లోపలికి రానివ్వదు.

ఒక ప్రమాదం నేర్పిన పాఠం

పూర్వం ఈ కార్లలో ఇంజను ముందు, డ్రైవరు వెనుక ఉండేవారు. 1970 మార్చి 8న కాలిఫోర్నియాలో జరిగిన పందెంలో డాన్ గార్లిట్స్ అనే ప్రసిద్ధ డ్రైవరు కారులో గేర్ల పెట్టె పేలిపోయింది. కారు రెండు ముక్కలైంది. ఆయన కుడి పాదంలో కొంత భాగం పోయింది.

ఆసుపత్రి మంచం మీదనే ఆయన ఆలోచనలో పడ్డాడు. పేలే వస్తువులన్నీ మనిషికి ముందే ఎందుకుండాలి? వెనుక పెడితే? అంతకుముందు కొందరు అలా చేసి చూశారు గాని, ఆ కార్లు తిన్నగా పోయేవి కావు. స్టీరింగు కొద్దిగా తిప్పితేనే కారు ఎక్కువగా మళ్లడం ఒక కారణమని గార్లిట్స్ బృందం గ్రహించి, దాన్ని సరిచేసింది. 1971లో ఆ కొత్త కారు పందేలు గెలిచింది. కొద్ది ఏళ్లలో మిగతావారూ ఇదే దారి పట్టారు.

గాలితో బ్రేకు

ఇక ఆపడం. చక్రాల బ్రేకులు గతిజశక్తిని వేడిగా మారుస్తాయి. ఇంత శక్తికి అవి ఒక్కటే చాలవు. అందుకే గీత దాటగానే కారు వెనుక పారాచూట్లు విచ్చుకుంటాయి. వేగం అయిదింతలైతే గాలి అడ్డు ఇరవై అయిదింతలవుతుంది. అంటే వేగం ఎంత ఎక్కువైతే పారాచూటు అంత గట్టిగా లాగుతుంది. వేగం తగ్గాక మిగిలిన పని బ్రేకులు చూసుకుంటాయి.

మన తీరంలోని శ్రీహరికోటలోనూ ఈ సూత్రాన్నే వాడారు. 2023 అక్టోబరు 21న గగన్‌యాన్ పరీక్షలో, మనుషులు కూర్చోవలసిన గదిని ఖాళీగా పైకి పంపారు. ముందు చిన్న పారాచూట్లు, ఆపైన పెద్దవి విచ్చుకొని దాన్ని మెల్లగా బంగాళాఖాతంలో దించాయి.

పారాచూట్లు కూడా విఫలమైతే? 2008 జూన్‌లో అమెరికాలో ఇంజను పేలిన ఒక కారు ఆగలేక బాట చివర దాటిపోయి, డ్రైవరు స్కాట్ కలిట్టా మరణించాడు. ఆ తర్వాత అత్యంత వేగంగా పోయే కార్లకు పందెం దూరాన్ని 402 నుంచి 305 మీటర్లకు తగ్గించారు. మిగిలిన దాదాపు 97 మీటర్లు ఆగడానికి కలిసొచ్చాయి.

మీరు కూడా చేసి చూడండి

ఖాళీ మైదానంలో గొడుగు తెరిచి, దాని లోపలి వైపు ముందుకు ఉండేలా వెనుకకు పట్టుకొని మొదట నడవండి, తర్వాత పరుగెత్తండి. లాగుడు ఎంత పెరిగిందో మీకే తెలుస్తుంది.

ఇంకొక మాట. డ్రాగ్ రేసు బాట మీద ఎదురుగా బస్సు రాదు, గొర్రెల మందా రాదు. ఊరి రోడ్డు మీద రెండూ వస్తాయి. మీ ఇంట్లో మోటారు సైకిలు నడిపేవారికి పంజరం లేదు, పారాచూటు లేదు. ఉన్నది హెల్మెట్ ఒక్కటే. బయలుదేరే ముందు దాని పట్టీ బిగించారో లేదో చూడడం మీ పని!