లోకుల సొమ్మునకు లెక్కవ్రాయు దేశము

నెల్లూరు సీమలో గాదె సంగతి తెలియనివారుండరు. పదిమంది రైతులు తమ మొలగొలుకుల నొక్క గాదెలో పోసిరనుకొందము. ధర చూచి అమ్మువాడొకడు, తాళపుచెవి యుంచుకొనువాడొకడు, ఎవరివెన్ని పుట్లో వ్రాయువాడు మరియొకడు. ఈ మూడు పనులు నొక్కని చేతనే యున్నచో, గాదె నిండుగా నున్నదని వాడు చెప్పిన మాటయే మనకు దిక్కు. పెక్కుమంది ధనమును జేర్చి వాటాలు కొను మ్యూచువల్ ఫండులును ఇట్టి గాదెలే.

ఐరోపాలో లక్సెంబర్గను దేశము కలదు. దాని విస్తీర్ణము 2,586 చదరపు కిలోమీటర్లు. మన జిల్లాలో ఇంచుమించు నాలుగవ వంతు. అచ్చటి ఫండుల ధనము మాత్రము 5 లక్షల కోట్ల యూరోలకు పైమాట. ఒక దేశమున అనుమతి పొందిన ఫండును తక్కిన సభ్యదేశములందును అమ్మవచ్చునని 1985లో ఐరోపా సమాజము నిర్ణయింపగా, అందరికంటె ముందు 1988లో దానిని చట్టము చేసినది లక్సెంబర్గే. నాటినుండి న్యూయార్కు, లండను నగరములందలి నిర్వాహకులు తమ ఫండుల నచ్చట నమోదు చేయింపసాగిరి. ఏ వాటా కొనవలెనో వారు నిర్ణయింతురు. ఆస్తిని భద్రపరచుటయు, లెక్క వ్రాయుటయు లక్సెంబర్గు వారి పని. ఆస్తి విలువ కట్టి, అప్పులు, ఖర్చులు తీసివేసి, యూనిట్ల సంఖ్యచే భాగించినచో ఒక్క యూనిట్ ధర తేలును. అది తప్పినచో ఆనాడు కొన్నవాడో, అమ్మినవాడో అన్యాయముగా నష్టపడును.

2008లో అమెరికాలో మేడాఫ్ మోసము బయటపడెను. సొమ్ము పెట్టుబడి పెట్టువాడు, దాచువాడు, లెక్క చెప్పువాడు నతడే! లక్సెంబర్గు ఫండులు కొన్ని సైతము, కాపలా పనిని అతనికే యప్పగించి నష్టపోయెను. 2014లో ఐరోపా సమాఖ్య నిబంధనలు బిగించి, తమ కాపలాలో పోయిన ఆస్తిని కాపలాదారే తిరిగి ఇయ్యవలెనని శాసించెను.

మన దేశమున 1996 నాటి సెబీ నిబంధనలు ధర్మకర్తలను, నిర్వాహకులను, కాపలాదారులను వేరుపరచినవి. నెల్లూరిలో నెలనెలా వాయిదా కట్టువారి యూనిట్ల పద్దు సాధారణముగా చెన్నపట్టణమందలి క్యామ్సు సంస్థయందో, హైదరాబాదునందలి కేఫిన్ టెక్నాలజీసుయందో యుండును. లక్సెంబర్గు వృత్తి మన చెంతనే కలదన్నమాట.

ఈ కట్టుబాట్లు బజారులో ధర పడిపోకుండ ఆపజాలవు. సొమ్ము అపహరించుటను మాత్రము కష్టతరము చేయును. కావున ఎంత పెరుగునని యడుగుటకు ముందు, తాళపుచెవి యెవరిచేత నున్నదో అడిగి తెలిసికొనుడని నా మనవి.