కూపన్లు: కొసరా, అసలుకే మోసమా?

“కొన్నది వంకాయ, కొసరింది గుమ్మడికాయ” అని మనకొక సామెత ఉన్నది. కూరల గంప ముందు కూర్చుని, తూకం ముగిశాక గుప్పెడు కొత్తిమీర, నాలుగు పచ్చిమిరపకాయలు కొసరు వేయించుకోవడం మన ఇల్లాళ్ళకు తరతరాలుగా వచ్చిన విద్య. ఆ కొసరే ఈ రోజుల్లో ఫోనులోకెక్కి కూపన్ అని పేరు పెట్టుకున్నది. పప్పూ ఉప్పూ ఫోనులోనే ఎంచుకుని, వాళ్ళిచ్చిన కోడ్ నొక్కితే చాలు, బిల్లులో వంద రూపాయలు తగ్గిపోతాయి. తగ్గిన మాట నిజమే. ఆ వంద మన ఇంట్లో మిగులుతున్నదా అన్నదే ప్రశ్న.

ఈ ప్రశ్న నాకై నాకు తోచినది కాదు. మా అక్కయ్య పుణ్యమా అని వచ్చింది.

మా బావగారు ఉద్యోగం విరమించి రెండేళ్ళయింది. హైదరాబాదులో కాపురం. పింఛను వస్తుంది గాని, చక్కెర వ్యాధికీ రక్తపోటుకూ మందులు ప్రతి నెలా కొనాలి. ఆ ఖర్చులో కొంతయినా వెచ్చాల్లో మిగల్చాలని అక్కయ్య పట్టుదల. పక్కింటి కోడలు కూపన్లు వాడే మార్గం నేర్పింది. నెల తిరగకముందే అక్కయ్య ఫోను చేసింది.

“తమ్ముడూ! ఈ నెల ఎంత మిగిల్చాననుకున్నావు? 870 రూపాయలు!”

నేను సంతోషించాను. పది రోజుల తరువాత వాళ్ళింటికి వెళితే అక్కయ్య ముఖంలో ఆ వెలుగు లేదు. పద్దుల పుస్తకం నా ముందు పెట్టింది. మామూలుగా వెచ్చాలకు నెలకు 6,200 రూపాయలు అయ్యేది. ఆ నెల 6,940 అయింది. 870 మిగిల్చిన ఇల్లాలు 740 ఎక్కువ ఖర్చు పెట్టిందన్నమాట! మిగిలిన డబ్బు ఏ దారిన పోయినట్లు?

వంద రూపాయల వెనుక

ఇద్దరం కూర్చుని బిల్లులన్నీ తిరగేశాం. ఒక్క బిల్లు చెబితే మిగతా కథ అదే తెలుస్తుంది.

ఆ రోజు అక్కయ్యకు కావలసినవి కందిపప్పు, మినపగుళ్ళు, టీ పొడి. ఫోనులో వాటి ధర 412 రూపాయలు. కూపనేమో 599 దాటితేనే వర్తిస్తుందట. ఆ తేడా పూడ్చడానికి రెండు బిస్కట్ డబ్బాలు, ఒక జామ్ సీసా చేర్చింది. బిల్లు 606 అయింది. అందులో 100 తగ్గి, సర్దుబాటు రుసుము 12 కలిసి, చెల్లించినది 518. పద్దుల పుస్తకంలో “లాభం 100” అని వ్రాసుకున్నది.

వీధి చివర కిరాణా కొట్టులో ఆ మూడు సరుకులూ 395 రూపాయలకు వస్తాయి. అంటే చేతినుంచి 123 రూపాయలు ఎక్కువే పోయాయి.

“బిస్కట్లు ఊరికే పోలేదు గదా, తిన్నాంగా!” అన్నది అక్కయ్య.

“ఎవరు తిన్నారు?” అన్నాను.

అక్కయ్య సమాధానం చెప్పలేదు. బావగారు పత్రిక అడ్డం పెట్టుకున్నారు. చక్కెర వ్యాధి మందులకని దాచదలచిన డబ్బు బిస్కట్లూ జామూ అయి, తిరిగి ఆయన దగ్గరికే చేరిందన్నమాట!

అమ్మేవాడికేం లాభం?

కూపన్ కొత్తది కాదు. 1880లలోనే అమెరికాలోని అట్లాంటా నగరంలో కోకా-కోలా వారు ఒక గ్లాసు ఉచితంగా ఇస్తామని చీటీలు పంచారు. ఒకసారి రుచి మరిగితే మళ్ళీ డబ్బిచ్చి తాగుతారని వారి లెక్క. ఆ లెక్క తప్పలేదు. మన దేశంలో బిగ్‌బాస్కెట్ 2011లో బెంగుళూరులో మొదలయింది. 2013లో వచ్చిన గ్రోఫర్స్ 2021లో బ్లింకిట్ అని పేరు మార్చుకున్నది. జెప్టో వచ్చింది కూడా 2021లోనే. నిమిషాల మీద సరుకు ఇంటికి చేర్చే పోటీ పెరిగిన కొద్దీ కూపన్లూ పెరిగాయి.

వ్యాపారి దృష్టిలో కూపన్ ధర్మం కాదు, ఎర కూడా కాదు, ఒక జల్లెడ. తీరిక లేనివాడు కోడ్ వెతకడు, నిండు ధర ఇస్తాడు. పైసా పైసా చూసుకునేవాడు వెతుకుతాడు, తగ్గింపు ధరకు కొంటాడు. ఇద్దరూ ఖాతాదారులే. పైగా కనీస బిల్లు నియమం వల్ల రెండోవాడు కూడా అనుకున్నదానికంటే ఎక్కువ కొంటాడు. సరుకు మోసే మనిషి ఒకసారి వచ్చేది ఎలాగూ తప్పదు. ఆ రాకలోనే సంచీ పెద్దదయితే దుకాణానికి కలిసివస్తుంది. ఇందులో మోసమేమీ లేదు. వాళ్ళ లెక్క వాళ్ళు వేసుకున్నారు. మన లెక్క మనం వేసుకోవాలి.

మన లెక్క ఎలా వేసుకోవాలి?

మొదటిది: ఫోను తెరవకముందే కాగితం మీద జాబితా వ్రాయండి. జాబితాలో లేనిది సగం ధరకు వచ్చినా, మిగిలినది సగం కాదు, పోయినది సగం.

రెండవది: తగ్గింపును ఎమ్మార్పీతో పోల్చకండి. ఎమ్మార్పీ అంటే అంతకు మించి అమ్మకూడదని పెట్టిన హద్దు మాత్రమే. చాలా కొట్లలో అంతకంటే తక్కువకే ఇస్తారు. మీరు మామూలుగా కొనే కొట్టు ధరతో పోల్చి చూడండి.

మూడవది: శాతాలు చూసి మురిసిపోకండి. “25 శాతం తగ్గింపు, గరిష్ఠం 75 రూపాయలు” అంటే బిల్లు 300 అయినంతవరకే 25 శాతం. వెయ్యి రూపాయల బిల్లుకు అది ఏడున్నర శాతమే. అందులోంచి డెలివరీ రుసుమూ, ఇతర రుసుములూ తీసివేస్తే ఏం మిగులుతుందో చూడండి.

నాలుగవది: పొట్లం ధర కాదు, కిలో ధర చూడండి. ఇదివరకు కొన్ని సరుకులను నిర్ణీత తూకాల్లోనే పొట్లం కట్టాలని నియమం ఉండేది. 2021 నవంబరులో ప్రకటించిన సవరణతో ఆ నియమం తీసివేశారు. దానికి బదులు, కిలోకు మించిన పొట్లం మీద కిలో ధర, కిలోకు తక్కువైన పొట్లం మీద గ్రాము ధర అచ్చువేయాలన్నారు. 900 గ్రాముల పొట్లం చూపుకు కిలోలాగే ఉంటుంది. ఆ చిన్న అక్షరాలు చదివినవారికే తేడా తెలుస్తుంది.

అయిదవది: కనీస బిల్లు అందకపోతే, పాడుకాని సరుకుతో మాత్రమే పూడ్చండి. వచ్చే నెలకు ఎలాగూ కావలసిన సబ్బులు, నూనె, బట్టలు ఉతికే పొడి అయితే సరే. అవి అక్కర లేకపోతే ఆ కూపన్‌ను పోనివ్వండి. రేపు ఇంకొకటి వస్తుంది.

ఆరవది: తొందరపడకండి. “ఇంకా మూడు నిమిషాలే” అని గడియారం తిరుగుతుంటే చేతులు ఆడవు. లేని తొందర కల్పించడం, అడగని వస్తువు బుట్టలో చేర్చడం, రుసుములు ముందు చెప్పక చివరకు బయటపెట్టడం వంటి 13 రకాల పన్నాగాలను అరికట్టడానికి కేంద్ర ప్రభుత్వం 2023 నవంబరులో మార్గదర్శకాలు విడుదల చేసింది. అటువంటిది ఎదురైతే జాతీయ వినియోగదారుల సహాయవాణి 1915కు ఫోను చేసి ఫిర్యాదు చేయవచ్చు.

అక్కయ్య తీర్పు

తరువాతి నెల అక్కయ్య పద్ధతి మార్చింది. నెల మొదట్లో ఒకసారి, మధ్యలో ఒకసారి, అంతే. నూనె, సబ్బులు, టీ పొడి వంటి బరువు సరుకులూ, పేరున్న పొట్లాలూ కూపన్ మీద తెప్పించింది. కూరగాయలకు బావగారు ఉదయం నడకకు బయలుదేరుతూ సంచీ పట్టుకుని రైతుబజారుకు వెళ్ళడం మొదలుపెట్టారు. (1999లో రైతుబజార్లు పెట్టినదే, రైతుకూ మనకూ మధ్య దళారి లేకుండా ఉండాలని గదా!) పప్పులు, చింతపండు, బెల్లం మాత్రం కిరాణా కొట్టులోనే.

ఆ చివరి మాటకు ఒక కారణం ఉన్నది. 2020 మార్చిలో లాక్‌డౌన్ వచ్చి ఊరంతా తలుపులు మూసుకున్నప్పుడు, ఆ కొట్టతను ఖాతా మీద సరుకు పంపించాడు. డబ్బు మాట ఎత్తలేదు. పప్పు పుచ్చితే మారు మాట లేకుండా వెనక్కు తీసుకుంటాడు. “అతని దగ్గర కూపన్ లేదు, తమ్ముడూ! అయినా అంతకంటే పెద్ద కొసరు ఎవరిస్తారు?” అన్నది అక్కయ్య. కాదనలేకపోయాను.

నెలాఖరుకు లెక్క చూస్తే వెచ్చాలు 5,850 అయ్యాయి. మామూలు కంటే 350 తక్కువ. వెనుకటి నెల రోజూ అరగంట చొప్పున పదిహేను గంటలు ఫోను మీద తలవంచి నష్టపడితే, ఈ నెల రెండు గంటల పనికి 350 మిగిలింది. అది చిన్న మొత్తమే. కాని ఈసారి పద్దుల పుస్తకంలో “లాభం” అని వ్రాసుకునే వరుస తీసివేసింది. చేతిలో మిగిలిన నోట్లనే లెక్కపెట్టింది.

కనుక పొదుపరులకు కూపన్లు పనికివస్తాయా అంటే, పనికివస్తాయి. జాబితా మనది అయినంతవరకు. జాబితా కూపన్ వ్రాయడం మొదలుపెట్టిన రోజున సామెత తిరగబడుతుంది. కొసరింది వంకాయ, దానికోసం కొన్నది గుమ్మడికాయ అవుతుంది.

మొన్న మళ్ళీ వెళ్ళినప్పుడు అక్కయ్య కాఫీ ఇచ్చింది. పక్కన బిస్కట్లు లేవు. అలమరలో మందుల పెట్టె మాత్రం నిండుగా ఉన్నది.