విండోలకు కళ్లెం

నెలాఖరు సాయంత్రం. అకౌంటెంట్ తెరపై పన్నెండు ఎక్సెల్ ఫైళ్లు తెరిచి ఉన్నాయి, ఒక్కో బ్రాంచికి ఒకటి. ఒక ఫైల్లో అంకె చూడాలి, మరో ఫైల్లో వేయాలి. తెర అడుగున ఉన్న పట్టీలో కావలసిన ఫైలును వెతకడంలోనే సగం పొద్దు గడుస్తుంది. ఏ విండోలో ఉన్నారో మరిచి ఒక బ్రాంచి అంకెను ఇంకో బ్రాంచి ఖాతాలో వేశారంటే, ఆ తప్పును పట్టుకునేసరికి తెల్లవారుతుంది.

ఈ అవస్థకు మందు ఎక్సెల్‌లోనే ఉంది. అదే మ్యాక్రో, అంటే కంప్యూటర్‌కు రాసిచ్చే చిన్న ఆదేశాల చిట్టా. దీనికి వాడే విజువల్ బేసిక్ ఫర్ అప్లికేషన్స్ భాషను మైక్రోసాఫ్ట్ 1993లో ఎక్సెల్ 5తో పరిచయం చేసింది. వర్డ్ 97తో అది వర్డ్‌లోకీ వచ్చింది. ఆల్ట్, ఎఫ్11 మీటలు కలిపి నొక్కితే రాసే చోటు తెరుచుకుంటుంది.

సూత్రం సులువు. తెరిచిన ఫైళ్లన్నీ ఎక్సెల్‌కు 'వర్క్‌బుక్స్' అనే ఒక జాబితా. అందులో ప్రతి ఫైలుకూ ఒక పేరు, ఒక వరస సంఖ్య ఉంటాయి. పేరు చెప్పి 'యాక్టివేట్' అంటే ఆ ఫైలు ముందుకొస్తుంది. విండోల జాబితాకు 'అరేంజ్' అని చెబితే అన్నీ తెరపై పక్కపక్కన సర్దుకుంటాయి. జాబితాలోని ప్రతి ఫైలునూ సేవ్ చేయమనడానికి మూడు పంక్తులు చాలు. ఆ మ్యాక్రోను 'పర్సనల్' వర్క్‌బుక్‌లో దాచుకుంటే, ఎక్సెల్ తెరిచిన ప్రతిసారీ చేతికి అందుతుంది.

అయితే మ్యాక్రో చెప్పింది చేస్తుందే తప్ప, మనసులో ఉన్నది చేయదు. సేవ్ చేయకుండా మూసెయ్యమని రాస్తే, ఎక్సెల్ మామూలుగా అడిగే ప్రశ్న కూడా అడగదు. రోజంతా చేసిన పని ఒక్క క్షణంలో గాలికి పోతుంది. మ్యాక్రో సెల్‌లలో మార్పులు చేస్తే, అంతకుముందు చేసిన వాటిని 'అన్‌డూ'తో వెనక్కి తెచ్చుకునే దారీ మూసుకుపోతుంది.

వరస సంఖ్యలతో మూసేటప్పుడు మరో చిక్కు. మొదటి ఫైలు మూయగానే రెండోది మొదటి స్థానంలోకి జరుగుతుంది. లెక్క మాత్రం రెండుకు వెళ్లిపోతుంది కాబట్టి మధ్యలో ఒక ఫైలు తప్పిపోతుంది. అందుకే చివరి నుంచి వెనక్కి లెక్కపెట్టాలి. మ్యాక్రో ఉన్న ఫైలు కూడా ఆ జాబితాలోనిదే. దాన్ని మినహాయించకపోతే తాను కూర్చున్న కొమ్మను తానే నరుక్కున్నట్టు, పని సగంలో ఆగిపోతుంది.

ఇంకో ప్రమాదం బయటి నుంచి. 1999 మార్చిలో మెలిస్సా వైరస్ వర్డ్ మ్యాక్రో రూపంలోనే వచ్చింది. ఫైలు తెరిచినవారి చిరునామా పుస్తకంలోని మొదటి 50 మందికి తనను తాను ఈమెయిల్ చేసుకుంది. ఇంటర్నెట్ నుంచి వచ్చిన ఫైళ్లలోని మ్యాక్రోలను ముందుగానే అడ్డుకునే ఏర్పాటును మైక్రోసాఫ్ట్ 2022లో మొదలుపెట్టింది. ఎవరో పంపిన మ్యాక్రో కన్నా, అర్థం చేసుకుని సొంతంగా రాసుకున్న నాలుగు పంక్తులే మేలు.

ముందు నకలు ఫైళ్ల మీద ప్రయత్నించి, మొదట సేవ్ చేసి, తర్వాతే మూసేలా రాసుకుంటే భయం లేదు. అప్పుడు అకౌంటెంట్ విండోల కోసం వెతకక్కర్లేదు. లెక్క మీదే దృష్టి పెట్టి, నెలాఖరునా వేళకు ఇల్లు చేరవచ్చు.