భూర్జ వృక్షపు నల్లని కషాయము

పుట్టగొడుగు అనగానే మన ఇండ్లలో కూరయే జ్ఞప్తికి వచ్చును. రష్యా దేశపు ఉత్తరారణ్యములందును, సైబీరియాయందును ఒక పుట్టగొడుగును తరతరములుగా తేనీటికి మారుగా త్రాగుచున్నారు. దాని పేరు చాగా. ఇప్పుడది పొట్లములలో మన బజారులకును వచ్చుచున్నది. దానిని ఇంటిలో కాచుకొనవచ్చునా అని శ్రోతలు కొందరు మమ్ము అడిగిరి.

పేరునకు పుట్టగొడుగేకాని చాగా గొడుగువలె ఉండదు. భూర్జ వృక్షపు మానును చీల్చుకొని, మాడిన బొగ్గుగడ్డవలె పైకి పొడుచుకొని వచ్చును. పెంకు నలుపు, లోపల త్రుప్పు రంగు. శాస్త్రజ్ఞులు దీనిని ఇనోనోటస్ ఆబ్లిక్వస్ అందురు. ఆంధ్రదేశమున మనకు తాటాకు ఎట్టిదో, కాశ్మీర పండితులకు భూర్జపత్రము అట్టిది. ఆ భూర్జమును, రష్యా భూర్జమును ఒకే ప్రజాతి చెట్లు.

1955లో సోవియట్ ఆరోగ్య మంత్రిత్వశాఖ చాగాను ఔషధముగా అంగీకరించెను. జీర్ణకోశ వ్యాధులకును, శస్త్రచికిత్సకు లొంగని క్యాన్సరు రోగులకు కొంత ఉపశమనము కలిగించుటకును అచటి వైద్యులు దీనిని వాడిరి. ఉపశమనము వేరు, వ్యాధి కుదురుట వేరు. లోకులకు ఈ భేదము పట్టలేదు. 1954లో తాష్కెంటు ఆసుపత్రిలో తాను క్యాన్సరుకు చికిత్స పొందిన సోల్జెనిత్సిన్, 1968లో విదేశములందు వెలువడిన ‘క్యాన్సర్ వార్డు’ నవలలో ఈ ముచ్చట తెచ్చెను. తేయాకు ఖర్చు తప్పించుకొనుటకై చాగా త్రాగు పల్లెవాసులకు క్యాన్సరు రాకున్నదని ఒక వైద్యుడు గమనించెనట. ఆ మాట చెవిని పడగానే వార్డులోని రోగులందరును ఆ వైద్యుని చిరునామాకై ఆత్రపడుదురు. ప్రాణభీతిలో ఉన్నవాని ఆశ ఎట్టిదో ఆ ఘట్టమున కనబడును. కాని చాగా క్యాన్సరును కుదుర్చునని మనుష్యులపై జరిగిన పరీక్షలేవియు నేటివరకు రుజువు చేయలేదు. ప్రయోగశాలలో కణములపైన, ఎలుకలపైన కనబడిన ఫలితములు కలవు; అవి రోగికి చాలవు.

ఇక తయారుచేయు విధము. గడ్డను కడిగి, కాచి చల్లార్చిన నీటిలో నాలుగైదు గంటలు నానవేయవలెను. మెత్తబడిన తరువాత తురిమి, ఒక వంతు తురుమునకు ఐదు వంతుల నీరు పోయవలెను. ఆ నీరు మరగరాదు. సుమారు 50 డిగ్రీల వెచ్చదనము చాలును. రెండు దినములు మూతపెట్టి ఉంచి, గుడ్డలో వడగట్టి, పిప్పిని పిండి, మొదట నానవేసిన నీటిని అందు కలుపుదురు. రంగు చిక్కని కాఫీ డికాక్షనువలె ఉండును. రుచి మాత్రము కాఫీ ప్రియులను మెప్పించునది కాదు. చల్లని చోట ఉంచి మూడు నాలుగు దినములలో ముగింపవలెను. సోవియట్ వైద్యులు దినమునకు మూడు గ్లాసులు ఇచ్చెడివారు. అది వైద్యుని కనుసన్నలలో ఇచ్చిన మోతాదు. ఇంటిలో ఎవరికి వారు దానిని అనుకరించుట మాకు సమ్మతము కాదు.

కారణమేమనగా, చాగాలో ఆక్సలేటు మెండు. పాలకూరలోనున్న పదార్థమే ఇదియు. మితిమీరినచో మూత్రపిండములలో స్ఫటికములై పేరుకొనును. 2014లో జపాను వైద్యులు ఒక రోగి వృత్తాంతము ప్రకటించిరి. కాలేయ క్యాన్సరుగల 72 సంవత్సరముల స్త్రీ దినమునకు నాలుగైదు చెంచాల చాగా పొడిని ఆరు మాసములు తీసుకొనెను. ఆమె మూత్రపిండములు చెడి, డయాలిసిస్ ఆరంభింపవలసి వచ్చినది. ఆమె కోరినది కాలేయమునకు మేలు! పొడిని మ్రింగినచో ఆక్సలేటు అంతయు కడుపులోనికి పోవును; వడగట్టిన నీటిలోనికిని కొంత దిగకపోదు.

కావున మూత్రపిండముల వ్యాధిగాని, రాళ్ళుగాని ఉన్నవారు దీని జోలికి పోరాదు. మధుమేహమునకును, రక్తము గడ్డకట్టకుండుటకును మందులు వాడువారు ముందుగా తమ వైద్యునితో చెప్పవలెను. క్యాన్సరు చికిత్సలో ఉన్నవారు ఈ కషాయమును నమ్మి ఆసుపత్రికి పోవుట మానరాదు. త్రాగదలచినచో ఆ సంగతి దాచరాదు. చాగాను తామే అంగీకరించిన సోవియట్ వైద్యులు సైతము, దానిని వాడు రోగికి పెనిసిలిన్ ఇవ్వరాదని నియమము పెట్టుకొనిరి.